గిడ్డంగి నుంచి తిరుగు దారి

గోడౌన్ అనే మాటను మనం ఇంగ్లీషువారి వద్ద నేర్చుకున్నామని చాలామంది అనుకుంటారు. 1886లో యూల్, బర్నెల్ అనే ఇద్దరు పండితులు ప్రచురించిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు అందుకు భిన్నంగా చెబుతున్నది. తూర్పు దీవుల మలయ భాషలో ఆ మాట వాడుకలో ఉన్నప్పటికీ, దాని పుట్టుక దక్షిణ భారతంలోనే కనిపిస్తున్నదనీ, తెలుగు 'గిడ్డంగి', తమిళ 'కిడంగు' దానికి మూలరూపాలనీ, సరుకులు పడి ఉండే చోటు అని దాని అర్థమనీ ఆ గ్రంథకర్తల అభిప్రాయం. 1611లో బందరులో ఇంగ్లీషు వర్తకులు స్థాపించిన 'ఫ్యాక్టరీ'లో యంత్రాలేవీ తిరగలేదు. గుడ్డలు కొని, ఓడ వచ్చేదాకా నిలవ ఉంచుకునేందుకు ఏర్పరచుకున్న స్థావరమది. అంటే, అది కూడా ఒక విధంగా గిడ్డంగే.

ముప్ఫై ఒక్క సంవత్సరాలు ప్రభుత్వరంగ గిడ్డంగులలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి కనుక, ఈ మాటమీద నాకు కొంత మమకారం ఉన్నది. వ్యవసాయోత్పత్తులను నిలవ చేయడం కోసం 1956లో చట్టం చేసి, 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థను నెలకొల్పారు. రాష్ట్రాలలోనూ అటువంటి సంస్థలు ఏర్పడ్డాయి. రైతు మిరపకాయలో, ధాన్యమో, పెసలో బస్తాలతో తెచ్చేవాడు. తూకం వేసి, నాణ్యం చూసి, లాటు కట్టి, రశీదు రాసి ఇచ్చేవాళ్ళం. ఆ రశీదు చూపితే బ్యాంకు అప్పు ఇచ్చేది. బస్తాకు నెలకింత అని అద్దె. సరుకు కావలసిన రోజున రైతు బండి కట్టుకుని వచ్చి, రశీదు ఇచ్చి, అద్దె చెల్లించి, హమాలీలకు బస్తాకింత చొప్పున కూలి ముట్టజెప్పి, గేటు పాసు తీసుకుని వెళ్ళేవాడు. లోపలికి వచ్చిన నూరు బస్తాలూ ఒక్కచోటనే లాటుగా ఉండేవి కనుక, వాటిని బయటికి తీయడం లోపల పెట్టడంకన్నా కష్టమైన పనేమీ కాదు. తరుగు గురించి తగాదాలు వచ్చేవి. ఎలుకల గురించి మరీ వచ్చేవి. కాని తన సరుకు తాను తీసుకుపోవడానికి ఎంత అవుతుందో విని గుండె పట్టుకున్న రైతును మాత్రం నేను చూడలేదు.

అటువంటి దృశ్యం నా కళ్ళబడింది పదవీ విరమణ తరువాత, మా ఇంట్లోనే.

నా మేనకోడలు విజయవాడలో కొండపల్లి బొమ్మల వ్యాపారం చేస్తున్నది. ఆమెకు పద్దులు రాసిపెట్టేది నేను. కొండపల్లి మాకు ఇరవై కిలోమీటర్ల దూరం. అక్కడి శిల్పులు తెల్లపొణికి కర్రతో బొమ్మకు కావలసిన ఒక్కొక్క భాగాన్నీ విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పొడీ, రంపపు పొట్టూ కలిపిన మక్కుతో ఆ భాగాలను అతికిస్తారు. సున్నం పూసి, ఆరిన తరువాత రంగులు వేస్తారు. అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాటిచెట్టు ఎక్కుతున్న గీతకార్మికుడు, దశావతారాలు ఇవన్నీ మీలో చాలామంది ఇళ్ళలో ఉండే ఉంటాయి. పొణికి కర్ర బెండులా తేలిక. ఆ తేలికతనమే కొండపల్లి బొమ్మకు అందమూ, ఈ కథలో దాని దురదృష్టమూ కూడా.

మొదట ఆమె బొమ్మలను ఇంట్లోనే అట్టపెట్టెలలో సర్ది, ఆన్‌లైన్‌లో కోరినవారికి స్వయంగా పంపేది. వారం పదిరోజులకు గాని అవి బెంగుళూరు చేరేవి కావు. తరువాత ఒక పెద్ద ఆన్‌లైన్ విపణి సంస్థవారు తమ పథకం వివరించారు. సరుకు ముందుగానే మా గిడ్డంగికి పంపండి, మేమే దాచి, ఎవరైనా కొన్నప్పుడు మేమే కట్టి, మరునాటికల్లా చేరవేస్తాము అన్నారు. ఇటువంటి గిడ్డంగులను వ్యాపారస్థులు 'ఫుల్‌ఫిల్‌మెంట్ సెంటర్లు' అంటారు. నవరాత్రులలో బొమ్మల కొలువు పెట్టే ఆచారం కన్నడ, తమిళ దేశాలలో బలంగా ఉన్నది. పండుగ వారంలో కొనేవారికి మరునాడే అందడం ముఖ్యం. కనుక 2022లో ఆమె 300 బొమ్మలు బెంగుళూరు శివార్లలోని గిడ్డంగికి పంపింది. 20 తప్ప అన్నీ అమ్ముడుపోయాయి. ఆ పథకాన్ని నేను తక్కువచేసి మాట్లాడను. ఇంట్లో కూర్చుని అట్టపెట్టెలు అతికించే ఒక గృహిణి సరుకు, వారం తిరగకుండా మూడువందల ఇళ్ళకు చేరడం నా కాలంలో ఊహకు అందని సంగతి.

2023లో 600 పంపింది. విజయదశమి వెళ్ళేసరికి 388 అమ్ముడుపోయాయి. 212 మిగిలాయి. వ్యాపారంలో సరుకు మిగలడం వింతకాదు. మిగిలినదాన్ని ఏం చేయాలన్నదే ప్రశ్న. బొమ్మల కొలువుకు మన తెలుగు ఇళ్ళలో సంక్రాంతి కూడా ముఖ్యకాలం. బెంగుళూరు గిడ్డంగిలో అక్టోబరు తరువాత ఆ బొమ్మలకు పండుగ లేదు. విజయవాడలో జనవరి దాకా ఉన్నది. సరుకు అదే, ధర మాత్రం చోటునుబట్టి మారిపోతున్నది. కనుక వెనక్కి తెప్పించుకోవాలని అనుకున్నాము. సంస్థవారి పరిభాషలో దీనిని 'రిమూవల్ ఆర్డర్' అంటారు.

నవంబరు మొదటివారంలో ఒక రాత్రి ఆమె కాగితం మీద లెక్క వేసుకుని నా దగ్గరకు వచ్చింది.

"మావయ్యా, తెప్పించుకుంటే పదకొండు వేల చిల్లర. వాళ్ళనే పారేయమంటే రెండువేల అయిదువందలు. ఇందులో ఏదో తప్పు ఉంది, నువ్వు చూడు" అన్నది.

చూశాను. తప్పు లేదు. మా ఒప్పందం ప్రకారం తిరిగి పంపడానికి పెద్ద బొమ్మకు 70 రూపాయలు, చిన్న బొమ్మకు 25 రూపాయలు. మిగిలినవాటిలో పెద్దవి 92, చిన్నవి 120. మొత్తం 9,440 రూపాయలు. దానిపై సేవలకు వేసే నూటికి 18 వంతు జీఎస్టీ కలిపితే 11,139. పారవేయడానికైతే చిన్నదైనా పెద్దదైనా బొమ్మకు 10 రూపాయలు. పన్నుతో కలిపి 2,501. ఆ 212 బొమ్మలకూ శిల్పులకు ఆమె ముందే చెల్లించిన మూల్యం 37,120. అంటే తన సరుకు తాను చూసుకోవడానికి కొన్న ధరలో నూటికి ముప్ఫై వంతులు మళ్ళీ ఇచ్చుకోవాలి. వేసవిలో ఆరువందల బొమ్మలనూ 60 పెట్టెలలో లారీ పార్సిలు ఆఫీసు ద్వారా పంపినప్పుడు అయిన ఖర్చు 9,000. పోవడానికి బొమ్మకు 15 రూపాయలు, రావడానికి 52 రూపాయల పైన! దారి అదే, దూరం అదే.

నా వృత్తి బుద్ధి ఊరుకోలేదు. ఇది దోపిడీ అనుకుని ఊరుకుంటే సుఖంగా నిద్రపట్టేదేమో గాని, ఖర్చుకు కారణం తెలియకుండా కోపం తెచ్చుకోవడం గుమాస్తాకు తగదు. అంతకు ముందు ఒకసారి హైదరాబాదు శివార్లలో ఇటువంటి గిడ్డంగిని లోపలికి వెళ్ళి చూసే అవకాశం నాకు కలిగింది. అప్పుడు వింతగా తోచిన ఒక విషయానికి అర్థం ఈ బిల్లు చూశాక బోధపడింది. అక్కడ లాటు అన్నది లేదు. పెట్టె లోపలికి రాగానే విప్పేస్తారు. ఒక్కొక్క వస్తువునూ ఎక్కడ ఖాళీ గడి కనబడితే అక్కడ పెడతారు. ఒకే గడిలో పళ్ళపొడి, పాఠ్యపుస్తకం, పిల్లల చెప్పులు, పక్కపక్కనే. ఏ వస్తువు ఏ గడిలో ఉన్నదో మనిషికి తెలియదు. దాని మీది గీతల చీటీనీ, గడి మీది చీటీనీ చదివిన కంప్యూటరుకే తెలుస్తుంది. పైకి గందరగోళంలా కనిపించినా, ఒక్కొక్క వస్తువును ఒక్కొక్క కొనుగోలుదారుకు పంపే పనికి ఇదే అనువైన పద్ధతి. పనివాడు ఎక్కడ నిలబడి ఉన్నా, కోరిన వస్తువు ఏదో ఒకటి దగ్గరలోనే దొరుకుతుంది.

కాని ఆ సౌకర్యానికి మరొక ముఖం ఉన్నది. మన సరుకు లోపలికి పెట్టెలుగా వెళ్ళి, అక్కడ విడివిడి బొమ్మలుగా చెదిరిపోతుంది. తిరిగి కావాలంటే 60 పెట్టెలలో ఇన్ని పెట్టెలు దించడం అన్నది అక్కడ లేదు. 212 బొమ్మల కోసం 212 సార్లు ఎవరో ఒకరు ఆ వరుసల మధ్య నడవాలి, వెతకాలి, చీటీ చదివించాలి, మళ్ళీ పెట్టెలో సర్దాలి. అదే మనిషి అదే సమయంలో అమ్ముడుపోయిన వస్తువులు తీస్తే సంస్థకు కమీషను వస్తుంది. కనుక బొమ్మకింత అని రుసుము. ఆ రుసుముకు వస్తువు విలువతో నిమిత్తం లేదు. గుప్పిటలో ఇమిడే వేలరూపాయల చేతిగడియారానికీ, అరవై రూపాయల చిలుకబొమ్మకూ వారికి శ్రమ ఒకటే. గడియారం యజమాని ఆ పాతిక రూపాయలను గమనించనైనా గమనించడు. చిలుక యజమానికి అది సగం ప్రాణం.

ఇక తేలికతనపు దురదృష్టం అన్నానే, అది ఇది. రవాణా సంస్థలు అసలు బరువుతోపాటు పరిమాణపు బరువును కూడా లెక్కిస్తాయి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించడం సాధారణంగా వాడే సూత్రం. అసలు బరువు, ఈ లెక్కతో వచ్చిన బరువు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే కిరాయి. మా ఎడ్లబండి పెట్టె 40, 25, 25 సెంటీమీటర్లు. గుణిస్తే 25,000, భాగిస్తే 5 కిలోలు. త్రాసులో పెడితే ఆ బండి, ఎడ్లు, తోలేవాడు, అట్టపెట్టె అంతా కలిపి ముప్పాతిక కిలో తూగదు. గిడ్డంగి అద్దె కూడా బరువుకు కాదు, ఘనపుటడుగుకు. ఎడ్ల కొమ్ములు విరగకుండా చుట్టూ వదిలిన ఖాళీకి కూడా ఆమె అద్దె కడుతున్నది. మా 212 బొమ్మలూ ఆక్రమించిన 125 ఘనపుటడుగులకు నెలకు 5,000 రూపాయలు, పన్ను అదనం. ఆరు నెలలు దాటితే 'పాతబడిన సరుకు' అని అద్దె ఇంకా పెరుగుతుంది.

పెరిగే అద్దెలో మాత్రం కొత్తదనం ఏమీ లేదు. రైల్వే గూడ్స్ షెడ్డులో వచ్చిన సరుకును గడువులోగా తీసుకుపోకపోతే 'వార్ఫేజి' వేసే పద్ధతి చాలా పాతది. అది రైల్వేకు ఆదాయం కోసం పెట్టినది కాదు, షెడ్డు ఖాళీ కావడానికి పెట్టినది. అయితే వార్ఫేజి పడేది సరుకు తీసుకుపోనివాడి మీద. తీసుకుపోతానని వచ్చినవాడికి షెడ్డు తలుపు తెరిచే ఉండేది. బండి తెచ్చుకుంటే చాలు. మా ఒప్పందంలో యజమాని బండి తీసుకుని గేటు దగ్గరకు వచ్చే ఏర్పాటే లేదు. నేను వెళ్ళి, పదిమంది కూలీలను పెట్టుకుని, నా బొమ్మలు నేనే ఏరుకుంటానంటే వినేవారు లేరు.

చట్టం ఏమంటున్నదని కుతూహలం కొద్దీ చూశాను. భారత ఒప్పందాల చట్టం 1872 నాటిది. ఒకరి వస్తువును మరొకరు అప్పగింతగా పుచ్చుకున్నప్పుడు ఉభయుల బాధ్యతలూ అందులో 148వ సెక్షను నుంచి ఉన్నాయి. గడువు తీరగానే గాని, అప్పగించిన పని పూర్తికాగానే గాని, అడగకుండానే వస్తువును తిరిగి ఇవ్వడం పుచ్చుకున్నవాడి విధి అని 160వ సెక్షను చెబుతున్నది. నూటయాభై ఏళ్ళ కిందటి మాట అయినా ఎంత సూటిగా ఉన్నది! అయితే తిరిగి ఇవ్వడానికి అయ్యే ఖర్చు ఎవరిది, ఎంత అనేది ఉభయులూ చేసుకున్న ఒప్పందం. ఆ ఒప్పందం మా మేనకోడలు కంప్యూటరు తెరమీద ఒక గడిలో టిక్కు పెట్టి అంగీకరించినది. అందులో ఒక్క అక్షరం మార్చమని అడిగే వీలు ఆమెకే కాదు, ఎవరికీ లేదు. రుసుముల పట్టికను మార్చే హక్కు మాత్రం సంస్థకు ఉన్నది.

సరుకు ఎవరిది అన్న విషయంలో సందేహం ఏమీ లేదు. విదేశీ పెట్టుబడి గల ఆన్‌లైన్ విపణి సంస్థలు సరుకును తామే స్వంతం చేసుకుని అమ్మరాదనీ, అమ్మేవారికీ కొనేవారికీ మధ్య వేదికగా మాత్రమే ఉండాలనీ, గిడ్డంగి, రవాణా వంటి సేవలు అందించవచ్చుననీ 2016లో కేంద్ర ప్రభుత్వం స్పష్టం చేసింది. 2019 ఫిబ్రవరి 1 నుంచి ఆ నిబంధనలను ఇంకా బిగించింది. చిన్న దుకాణదారులను కాపాడడం వాటి ఉద్దేశం. ఫలితంగా, వేరొకరి కప్పుకింద, వేరొకరి గడిలో, వేరొకరి చీటీతో పడి ఉన్నా బొమ్మ మాత్రం మా అమ్మాయిదే. అమ్ముడుపోకపోతే నష్టమూ ఆమెదే. పాతకాలపు టోకు వర్తకుడు కొన్న సరుకు మిగిలితే తానే తల పట్టుకునేవాడు. ఇప్పుడు ఆ తలనొప్పి బొమ్మ తయారైన ఊరిదాకా వెనక్కి నడిచివచ్చింది.

పన్నుల సంగతి ఇంతకన్నా చిత్రంగా ఉంటుంది. 2017 జూలై 1న వచ్చిన జీఎస్టీ విధానంలో, మరొక రాష్ట్రంలోని గిడ్డంగిలో సరుకు ఉంచి అక్కడినుంచి అమ్మాలంటే ఆ రాష్ట్రంలో వేరే నమోదు కావాలి. ఆమెకు కర్ణాటకలో ఒక నంబరు, ఆంధ్రప్రదేశ్‌లో ఒక నంబరు. ఒకే మనిషి అయినా రెండు నంబర్లకూ చట్టం దృష్టిలో ఇద్దరు వేర్వేరు వ్యక్తులు. కనుక బెంగుళూరు నుంచి బొమ్మలు వెనక్కి వస్తే, ఆమె తనకు తానే సరఫరా చేసుకున్నట్లు లెక్క. ధర పుచ్చుకోకపోయినా దానికి బిల్లు, పన్ను. ఇక్కడ కట్టినది అక్కడ మినహాయింపుగా వస్తుంది, నిజమే. వచ్చేదాకా డబ్బు ఇరుక్కుని ఉంటుంది, అమ్మకం లేని నెలలో కూడా రిటర్ను వేయాలి. పోనీ, పారవేయమందామా అంటే, నాశనం చేసిన సరుకు మీద అంతకు ముందు తీసుకున్న పన్ను మినహాయింపు చెల్లదని అదే చట్టంలోని 17వ సెక్షను 5వ ఉపవిభాగం అంటున్నది. అది తిరిగి కట్టుకోవాలి. కనుక కాగితం మీద కనిపించే 2,501 రూపాయలతో పారవేతకు అయ్యే ఖర్చు ముగియదు. ఈ సంగతి చెప్పేసరికి మా అమ్మాయి ముఖం కొంచెం విప్పారింది. తెప్పించుకోవడానికి ఒక కారణం దొరికిందన్న సంతోషం అది. లెక్కలకు బయట ఆమె నిర్ణయం ఎప్పుడో జరిగిపోయిందని నాకు అప్పుడే తెలిసింది.

ఎందుకంటే, ధర తగ్గించి అక్కడే అమ్మేయమని నేను ఒక సలహా ఇచ్చాను. ఎడ్లబండిని సగం ధరకు పెడితే కమీషను, అయిదు కిలోల రవాణా పోగా బొమ్మకు ఎదురు ఇచ్చుకోవలసి వస్తున్నది. అలాగే వదిలేస్తే అద్దె మింగేస్తుంది. ధర్మసంస్థకు ఇచ్చేయండి అనే గడి మా ఒప్పందంలో కనబడలేదు. ఇక మిగిలింది పారవేయడమే. ఆ మాట వచ్చినప్పుడల్లా ఆమె లేచి ఏదో పనిమీద వంటింట్లోకి వెళ్ళేది.

ఇటువంటి లెక్క వేసుకున్నవారు లోకంలో మేమొక్కరమే కాదు. 2021 జూన్‌లో బ్రిటన్‌లోని ఐటీవీ వార్తావిభాగం స్కాట్లండులోని డన్‌ఫర్మ్‌లిన్ వద్ద ఉన్న ఒక పెద్ద ఆన్‌లైన్ గిడ్డంగిని గురించి కథనం ప్రసారం చేసింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఒక్క వారంలో 1,24,000కు పైగా వస్తువులకు 'నాశనం చేయవలసినవి' అన్న గుర్తు పడినట్లు లోపలి కాగితాలను అది బయటపెట్టింది. వాటిలో వాడని టీవీలు, కంప్యూటర్లు, పుస్తకాలు కూడా ఉన్నాయి. తమ వస్తువులేవీ చెత్తదిబ్బలకు పోవని సంస్థ బదులు చెప్పింది. గిడ్డంగిలో నిలవ ఉన్నకొద్దీ అద్దె పెరిగి, కొంతకాలానికి అక్కడే నిలవ ఉంచడంకన్నా నాశనం చేయించడమే అమ్మకందారుకు చవక అయ్యే పరిస్థితి అందుకు ఒక కారణమని ఆ కథనం వివరించింది. ఫ్రాన్సు 2020 ఫిబ్రవరిలోనే అమ్ముడుపోని వస్తువుల నాశనాన్ని నిషేధిస్తూ చట్టం చేసి, 2022 నుంచి అమలు మొదలుపెట్టింది. ఐరోపా సమాఖ్య 2024లో తెచ్చిన నియమావళి దుస్తులు, పాదరక్షల విషయంలో పెద్ద సంస్థలకు 2026 జూలై 19వ తేదీని గడువుగా పెట్టింది. నాశనం చేయవద్దనడం మంచిదే. తిరిగి ఇవ్వడానికి ఎంత పుచ్చుకోవచ్చో కూడా ఎవరైనా చెబితే, మా వంటివారికి ఇంకా మంచిది.

నవంబరు 6న ఆర్డరు పెట్టాము. అది దీపావళి రద్దీ. అమ్మకపు సరుకుకు ముందు, తిరుగు సరుకుకు వెనుక అన్నది అక్కడి క్రమం. తొలి పార్సిలు నవంబరు చివర వచ్చింది. అందులో మూడే బొమ్మలు. తరువాత ఒకనాడు పధ్నాలుగు, ఒకనాడు నలభై, ఇంకొకనాడు పెద్ద అట్టపెట్టెలో ఒకే ఒక చిలుక. మొత్తం పదకొండు విడతలు. వచ్చిన ప్రతి పార్సిలునూ నేను వెనుకటి అలవాటు కొద్దీ తారీఖు, పెట్టె గుర్తు, సంఖ్య, స్థితి అని నాలుగు గడులు గీసి రాసుకున్నాను. డిసెంబరు 20కి లెక్క తేలింది. బాగా ఉన్నవి 198, 'అమ్మకానికి పనికిరానివి' అన్న చీటీతో వచ్చినవి 9, కనబడనివి 5. ఆ అయిదింటికీ తమ పట్టిక ప్రకారం ఏదో కొంత పరిహారం జమ చేశారు.

విరిగిన తొమ్మిదింటినీ తీసుకుని ఇద్దరమూ కొండపల్లి వెళ్ళాము. వాటిని చేసిన పెద్దాయనకు డెబ్బై దాటి ఉంటాయి. ఎడ్లబండిని అరచేతిలో పెట్టుకుని, విరిగిన కొమ్మును వేలితో తడిమి, "బెంగుళూరు వెళ్ళి వచ్చాయా అమ్మా?" అన్నాడు.

"వచ్చాయి తాతగారూ."

"వాళ్ళకి నచ్చలేదా?"

ఆమె వెంటనే మాట్లాడలేకపోయింది. గీతల చీటీలు, ఘనపుటడుగులు, రిమూవల్ ఆర్డర్లు ఇవన్నీ ఆయనకు ఎలా చెప్పాలి? ఆయన ఎరిగిన వ్యాపారంలో బొమ్మ తిరిగి వచ్చిందంటే ఎవరో చేత్తో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, వద్దన్నారని అర్థం.

"వాళ్ళు చూడనే లేదు తాతగారూ. డబ్బాలోనే ఉండిపోయాయి" అన్నది చివరికి.

ఆయన ఒక క్షణం ఆలోచించి, "అయితే పర్వాలేదు" అని, మక్కు ముంత దగ్గరకు లాక్కున్నాడు. తొమ్మిదింటికీ డబ్బు పుచ్చుకోలేదు. ఒక్కటి మాత్రం అడిగాడు: పెట్టె మీద అతికించిన ఆ నల్లగీతల కాగితం బొమ్మ అడుగున అంటించవద్దని, పీకినప్పుడు రంగు లేచిపోతున్నదని.

సంక్రాంతికి పదిరోజుల ముందు విజయవాడలో ఒక ప్రదర్శనలో చిన్న స్టాలు తీసుకున్నాము. అద్దె 6,000. భోగినాటికి 171 బొమ్మలు అమ్ముడయ్యాయి. చేతికి వచ్చినది 48,000 పైచిలుకు. స్టాలు అద్దె, తెప్పించిన ఖర్చు, అవి ఖాళీ అయ్యేదాకా బెంగుళూరులో నడిచిన అద్దె సుమారు 9,000, ఇవన్నీ తీసివేస్తే మిగిలినది 21,800 దరిదాపుల్లో. ఆ బొమ్మల మీద పెట్టిన 37,120 తిరిగి రాలేదన్నమాట నిజం. పారవేయించి ఉంటే ఇంకా 2,501 ఎదురిచ్చి ఉండేవాళ్ళమన్నదీ నిజమే.

ఇప్పుడు ఆమె పద్దు పుస్తకంలో ఒక గడి ఎక్కువైంది. కొన్న ధర, పంపిన ఖర్చు, కమీషను, అద్దె తరువాత 'తిరుగు ఖర్చు' అని. సరుకు పంపేటప్పుడే ఆ గడి నింపుతుంది. ఎడ్లబండ్లు, అంబారీ ఏనుగులు ఆ గిడ్డంగికి వెళ్ళడం మానేశాయి. ఆర్డరు వస్తే విజయవాడ నుంచే, నాలుగు రోజులు ఆలస్యమైనా సరే, ఆమె స్వయంగా పంపుతుంది. అక్కడికి వెళ్ళేవి అరచేతిలో ఇమిడే బొమ్మలు మాత్రమే, అవి కూడా ఆరు వారాలలో అమ్ముడుపోతాయనుకున్నన్ని. అమ్మకాలు కొంత తగ్గాయి. ఆన్‌లైన్‌లో ఆమె బొమ్మల పేరు మునుపటికన్నా కింది వరుసల్లో కనబడుతున్నది కూడా.

ఆ సంక్రాంతికి మిగిలిన 36 బొమ్మలూ మా చెల్లెలి ఇంట్లో అటకమీద కెక్కాయి. అటకకు అద్దె లేదు గాని, ఆవకాయ జాడీలకు చోటు లేకుండా పోయిందని మా చెల్లెలు రోజూ నన్నే అడుగుతున్నది.